కర్నూలులో పాత మిద్దె కొని బాగుచేయాలా, ఫ్లాట్లు కొనాలా, కూల్చి కట్టాలా?

చేతిలో కోటి, కోటిన్నర ఉండి, దాన్ని బాడుగలొచ్చే ఇంటి మీద పెడదామని కర్నూలులో తిరిగితే నాలుగు రకాల బేరాలు ఎదురవుతాయి. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న పాతబస్తీలో తక్కువకు దొరికే పాత మిద్దె ఒకటి. వెంకటరమణ కాలనీ, కృష్ణానగర్, అశోక్‌నగర్ లాంటి చోట్ల 1990లలోనో, ఆ తర్వాతో కట్టిన మూడంతస్తుల చిన్న బిల్డింగు ఇంకొకటి, నాలుగైదు పోర్షన్లతో. అదే డబ్బుకు అపార్ట్‌మెంటులో రెండు మూడు ఫ్లాట్లు కూడా వస్తాయి. తాతల నాటి ఇల్లున్నవాళ్లకైతే దాన్ని కూల్చి, సొంతంగానో బిల్డరుతో వాటా మాట్లాడుకునో కొత్తగా కట్టే దారి ఉంది.

ఐదేండ్ల కింద మా బావా నేనూ కలిసి రెండో రకం కొన్నాం. నాలుగు సెంట్ల స్థలం, జీ ప్లస్ 2 (కింది అంతస్తు, దానిపైన రెండు), నాలుగు పోర్షన్లు. కొనకముందు ఏడాది పాటు మిగతా మూడు రకాలూ తిరిగి చూశాం. అప్పటి నుంచి సలహా అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతున్నా: ఎంత డబ్బు పెట్టినా మార్చలేనివి ముందు చూడండి. రంగు, టైల్స్, వంటగది, బాత్‌రూమ్, వైరింగ్ అన్నీ మార్చుకోవచ్చు. కాగితం, నేల, స్లాబు లోపలి ఇనుప కంబీ మాత్రం అమ్మినవాడు ఎలా ఇస్తే అలాగే మన నెత్తిన పడతాయి. అందుకే నాలుగు దారుల్నీ ఈ మూడింటి మీదే తూచి చూపిస్తాను.

కాగితం

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) ముప్పై ఏండ్లకు తగ్గకుండా తీయించాలి. లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, ఒక్కటి కూడా తెగకుండా వరుసగా ఉండాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఆ జాబితాలో ఉంటాయి, వాటిని రిజిస్టర్ చేయరు. ఆ తర్వాత ప్లాను. అప్రూవల్ జీ ప్లస్ 1కే తీసుకుని పైన ఇంకో అంతస్తు వేసినవి మేం చూసిన బిల్డింగుల్లో చాలానే ఉన్నాయి. ఆ పై అంతస్తుకు బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని ఒప్పుకునే పథకం) కింద క్రమబద్ధీకరణ పత్రం ఉంటే సరే. లేకపోతే బ్యాంకు ఆ అంతస్తుకు విలువ కట్టదు, మీరు మాత్రం దానికీ డబ్బు పోసినట్టవుతుంది.

పాత ఇండ్లలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఆడబిడ్డల సంతకం. మేం అడ్వాన్సు ఇవ్వబోయి ఆగిపోయిన ఒక ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ భాగపరిష్కారం చేసుకున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఉమ్మడి ఆస్తిలో పెండ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే వాటా ఉంది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం పెండ్లయినవాళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అక్కచెల్లెళ్లతో రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం) రాయించి తెస్తే కొంటామన్నాం. తేలేదు, వదులుకున్నాం. ధర మార్కెట్టు కంటే బాగా తక్కువ చెప్పారంటే అందుకు కారణం ఇలాంటిదే అయ్యుంటుందని ఇప్పుడు నా అనుమానం ముందు అటే పోతుంది.

నేల, నీళ్లు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్లకు చెప్పనక్కరలేదు. కానీ బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో కొనేవాళ్లకు తెలియకపోవచ్చు. చూస్తున్న వీధిలో నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో పక్కింటి పెద్దవాళ్లను అడగండి. చెయ్యెత్తి గోడ మీద చూపిస్తారు. ఆ ఎత్తు లోపల ఉన్న పిల్లర్ల అడుగులు, గోడలు రోజుల తరబడి నానాయి. ఆ తర్వాత ప్లాస్టరింగ్ చేయించి ఉంటారు కాబట్టి పైకి కనిపించదు. కింది పోర్షన్‌లో నడుమెత్తు దాకా పెయింటు పొరలు పొరలుగా లేచి, చౌడు తెల్లగా పొంగుతుంటే అక్కడ ఒక అడుగు మేర ప్లాస్టరు చెక్కించి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోని యజమాని దగ్గర కొనొద్దు.

రెండోది నల్లరేగడి. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పునాది లోతుకు పోకుండా పైపైనే ఆగిన ఇంట్లో కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పగుళ్లు లేస్తాయి. ప్రతి పగులూ ప్రమాదం కాదు. చచ్చిన పగులా, బతికున్న పగులా తెలుసుకోవడానికి పాత ఉపాయమొకటి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయాలి. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా గాజు పగలకుంటే ఆ పగులు కదలడం లేదు. అగ్రిమెంటుకు, రిజిస్ట్రేషనుకు మధ్య ఎండల్లో మొదలై వానల్లోకి సాగే మూడు నెలల గడువుంటే ఈ పరీక్షకు సరిపోతుంది.

మూడోది కుళాయి. ఊరికి తాగునీళ్లు ప్రధానంగా సుంకేశుల నుంచి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో వీధిది ఒక్కో పరిస్థితి. బ్రోకరు పగలు పదకొండుకు తీసుకెళ్లి చూపిస్తాడు. మీరు నీళ్లొదిలే వేళ కనుక్కుని, తెల్లవారుజామునే అయినా మళ్లీ వెళ్లండి. మేం కొన్న బిల్డింగులో ఆ వేళకు వెళ్లి సంపు మూత తీస్తే అడుగున జానెడు నీళ్లు, పైపులోంచి వేలెడంత ధార. పైపోర్షన్ అమ్మ బిందె పట్టుకుని మెట్ల మీదే నిలబడి ఉంది. "బోరు మూడేండ్ల నుంచి రాదప్పా, ట్యాంకరు తోలించుకుంటాం" అంది. అంతకుముందు రోజు యజమాని ఇరవై నాలుగు గంటలూ నీళ్లన్నాడు. అయినా మేం కొన్నాం. ఎందుకంటే సమస్య వీధిలో లేదు, ఇంటి కనెక్షన్ పాత ఇనుప పైపు తుప్పుతో మూసుకుపోయింది. పక్కింట్లో ధార నిండుగా వస్తోంది. మార్చగలిగేదేదో, మార్చలేనిదేదో ఆ పక్కింటి కుళాయి చెప్పింది.

స్లాబు

పాత బిల్డింగు చూడటానికి పోతే చిన్న సుత్తి పట్టుకుపోండి. బాత్‌రూమ్ కింద వచ్చే స్లాబు, సన్‌షేడ్లు, మెట్ల అడుగు, ట్యాంకు కింది భాగం, ఈ నాలుగు చోట్ల మెల్లగా కొట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల కంబీ తుప్పుపట్టి పొర విడిపోయుంటే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బొళబొళమంటుంది. తుప్పు ఇనుము కంటే చాలా రెట్లు ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది, పెచ్చులు ఊడేది అందుకే. పైన కొత్త సున్నమో, పీఓపీ సీలింగో ఉంటే ఇంకా అనుమానించాలి. మా బిల్డింగులో మొదటి అంతస్తు బాత్‌రూమ్ కింద చెక్కితే కంబీ పైన చిటికెనవేలు మందాన ఎర్రటి పొరలు రేకులు రేకులుగా ఊడొచ్చాయి. మా బేల్దారి మేస్త్రీ ఆ రేకును చేతిలో పెట్టి, "సార్, పైపైన పూస్తే రెండేండ్లు ఆగుతాది. కంబీ చుట్టూ చెక్కి, కడిగి, మందు పూసి కట్టితే మీ పిల్లల కాలం దాకా ఉంటాది. ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. చెక్కించాం. ఆ పని మేస్త్రీ మాట మీద కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, రిపోర్టు రాయించుకునే చేశాం. ఏ కంబీ ఉంచాలో, దేని పక్కన కొత్తది కట్టాలో ఆయనే గుర్తు పెట్టాడు.

నాలుగు దారులు పక్కపక్కన

| చూడాల్సింది | పాతబస్తీ మిద్దె | కాలనీలో జీ ప్లస్ 2 | రెండు ఫ్లాట్లు | కూల్చి కట్టడం |
|---|---|---|---|---|
| నేల మీద హక్కు | పూర్తిగా మీదే, సరిహద్దు గొడవలు ఎక్కువ | పూర్తిగా మీదే | అవిభాజ్య వాటా మాత్రమే | మీదే. బిల్డరుతో అయితే సగం పోతుంది |
| కాగితాల చిక్కు | ఎక్కువ | మధ్యస్థం, పై అంతస్తు అనుమతి చూడాలి | తక్కువ | సొంత కుటుంబంలోనే తేల్చుకోవాలి |
| మరమ్మతు ఖర్చు అంచనా | కష్టం | ఇంజనీరు చూస్తే చాలావరకు తేలుతుంది | లోపల తేలిక, బయట మీ చేతిలో ఉండదు | అంచనా సులువు, దాటడమూ సులువే |
| బాడుగ మొదలు | ఆలస్యం | కొన్న నెల నుంచే కొంత | వెంటనే | ఏడాదిన్నర, రెండేండ్ల తర్వాత |
| మీ సమయం | చాలా | వారానికో పూట | నెలకో ఫోను | కట్టేంతకాలం రోజూ |

పాతబస్తీ మిద్దె

రాతిగోడలు, బండలు పరిచిన మిద్దె, దాని మీద తర్వాతెప్పుడో వేసిన స్లాబు. సెంటు ధర చూస్తే మనసు లాగుతుంది. అయితే ఇవి పిల్లర్లు లేని కట్టడాలు. బరువంతా గోడలే మోస్తాయి. రెండు చిన్న గదుల మధ్య గోడ తీసి హాలు చేద్దామంటే కుదరదు, పైన అంతస్తు వేద్దామంటే అసలే కుదరదు. ఉమ్మడి గోడలు, సందులో బండి పట్టకపోవడం, 2009 నీళ్లు, వారసుల సంతకాలు అన్నీ ఒకేచోట కలుస్తాయి. కింద అంగడి పెట్టుకుని పైన తామే ఉండాలనుకునే వ్యాపారులకు ఇది మంచిదే. బాడుగల కోసమే కొనేవాళ్లకు నేను వద్దంటాను.

కాలనీలో చిన్న బిల్డింగు

నా ఓటు ఎక్కువమందికి దీనికే. అయితే కండ్లు తెరిచి లెక్క వేసుకున్నాకే. ఉదాహరణకు ఒక లెక్క చూడండి. ధర 1 కోటి 20 లక్షలు. అంతకే రిజిస్ట్రేషన్ చేస్తే స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 9 లక్షలు. బ్రోకరు, లాయరు, ఇంజనీరు 2 లక్షలు. మరమ్మతు 14 లక్షలు. అన్నీ కలిపి 1 కోటి 45 లక్షలు. బాగుచేశాక నాలుగు పోర్షన్ల బాడుగ నెలకు 36 వేలు అనుకుందాం. ఏడాదికి 4 లక్షల 32 వేలు. ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, మోటారు కరెంటు, సంపు కడగడం, చిల్లర రిపేర్లు పోతే చేతికి మూడున్నర లక్షల లోపు. పెట్టిన డబ్బు మీద రెండున్నర శాతం కూడా నిండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ దీనికంటే ఎక్కువిస్తుంది. మిగతాది నేల ధర పెరగడం మీద నమ్మకమే.

అప్పు చేసి కొనేవాళ్లు ఇంకో అంకె కూడా రాసుకోవాలి. 60 లక్షల లోను, 9 శాతం వడ్డీ, 15 ఏండ్లు అంటే కంతు నెలకు దాదాపు 61 వేలు. బాడుగ 36 వేలు. తేడా జీతంలోంచి కట్టగలిగితేనే దిగండి.

ఇదే లెక్కలో నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. మరమ్మతుకు ముందు ఆ నాలుగు పోర్షన్లకు నెలకు 26 వేలు వస్తున్నాయనుకోండి. 14 లక్షలు పెట్టాక 36 వేలైతే ఏడాదికి 1 లక్షా 20 వేలు పెరిగాయి. ఆ 14 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం! అంటే కొనడం మీద పెట్టిన రూపాయి కంటే బాగుచేయడం మీద పెట్టిన రూపాయే మూడు రెట్లు సంపాదిస్తోంది. కాబట్టి ఇప్పటికే పాత బిల్డింగు ఉన్నవాళ్లు రెండోది కొనే ముందు ఉన్నదాన్ని బాగుచేసుకోవడం మేలు.

మరమ్మతులో కూడా అన్నీ బాడుగ పెంచవు. స్లాబు చెక్కడం, డాబా వాటర్‌ప్రూఫింగ్, తుప్పు పైపులు తీసి సీపీవీసీ వేయడం బిల్డింగును నిలబెడతాయి, వాటికోసం ఎవరూ వెయ్యి ఎక్కువివ్వరు. కానీ ముందు అవే చేయాలి. బాత్‌రూమ్ టైల్స్ వేశాక పైపు లీకైతే టైల్స్ మళ్లీ పగలగొట్టాలి. బాడుగ పెంచేవి వేరు: పోర్షన్‌కో కరెంటు మీటరు, లోపలే బాత్‌రూమ్, కడప బండ తీసి గ్రానైట్ వేసిన వంటగట్టు, బండి పెట్టుకునే జాగా. ఉమ్మడి మీటరు ఉన్న ఇంట్లో వాడకం అంతా కలిసి యూనిట్ రేటు ఎక్కువుండే శ్లాబులోకి పోతుంది, బిల్లు పంచుకునే దగ్గర నెలనెలా గొడవ. మీటర్లు విడగొట్టించాక మా ఇంట్లో ఆ గొడవే లేదు.

గదుల్లో నేల విషయంలో ఒక మాట. పాత బేతంచెర్ల బండలుంటే వాటి మీద టైల్స్ వేయించకండి. రెండంగుళాల ఎత్తు పెరిగి తలుపులు కోయాల్సొస్తుంది, స్లాబుకు బరువు పెరుగుతుంది. బండలకు మళ్లీ పాలిష్ కొట్టిస్తే టైల్స్ ఖర్చులో చిన్న భాగానికే అయిపోతుంది. మా కింది పోర్షన్‌లో అలాగే చేశాం. ఎండాకాలం ఆ బండల మీద చాప కూడా లేకుండా పడుకుంటారు.

పై పోర్షన్‌కు వేడి. మన మే నెలలో డాబా కింద ఉండటం కష్టం, ఆ పోర్షన్ ఊరికే ఖాళీ అవుతుంటుంది. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేసేటప్పుడే తెల్లటి కూలింగ్ పెయింటో, తెల్లటి పెంకు ముక్కలో వేయించండి.

పన్నుల్లో గుర్తుంచుకోవాల్సింది: బాడుగ ఆదాయంలో ఇంటిపన్ను పోగా 30 శాతం బిల్లులు అడక్కుండానే మినహాయిస్తారు. నిజంగా రిపేరుకు ఎంత పెట్టినా అంతే. కానీ బిల్డింగు విలువ పెంచిన పనుల బిల్లులు దాచుకోండి, అమ్మేటప్పుడు లాభంలోంచి తగ్గించుకోవచ్చు. 2024 జులై 23 తర్వాత కొన్నదైతే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, ధరల పెరుగుదల సర్దుబాటు ఉండదు. అంటే ఆ బిల్లులకు ఇప్పుడు మరింత విలువ. కొనేటప్పుడు ధర 50 లక్షలో, ఆపైనో ఉంటే అందులో 1 శాతం పన్నుగా (టీడీఎస్) పట్టుకుని అమ్మినవాళ్ల పాన్ మీద కట్టే బాధ్యత కొన్నవాళ్లది. ఏటా ఇంటిపన్ను ఏడాది మొత్తానిదీ ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గుతుంది.

రెండు ఫ్లాట్లు

ఊళ్లో లేనివాళ్లకు, డెబ్భై దాటినవాళ్లకు ఇదే నయం. నీళ్లు, మోటారు, వాచ్‌మన్ సంగతి అసోసియేషన్ చూసుకుంటుంది. అవసరమొస్తే ఒక ఫ్లాటు అమ్మి ఇంకోటి ఉంచుకోవచ్చు, బిల్డింగులో ఒక అంతస్తు అమ్మడం అంత సులువు కాదు. లోపం నేలలో ఉంది. ఇరవై సెంట్లలో ఇరవై నాలుగు ఫ్లాట్లుంటే మీ పేరున వచ్చేది సెంటు కూడా కాదు, నలభై గజాలు. కాలం గడిచేకొద్దీ విలువ పెరిగేది నేలకు, తరిగేది కట్టడానికి. పాత అపార్ట్‌మెంటులో పై అంతస్తు కొనేముందు డాబా కారితే ఎవరు పెట్టుకుంటారని అసోసియేషన్ మినిట్స్ పుస్తకం తీసి చూడండి. కింది అంతస్తులవాళ్లు మాకు కారడం లేదుగా అంటారు, పైవాళ్లు ఒంటరవుతారు. కొత్త ఫ్లాటైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూడండి; కట్టడంలో లోపం ఐదేండ్లలో బయటపడితే బిల్డరే సరిచేయాలి.

కూల్చి కట్టడం

సొంత స్థలం మంచి వీధిలో, వెడల్పు రోడ్డు మీద ఉంటే తప్ప దీని జోలికి పోవద్దు. రోడ్డు వెడల్పును బట్టే ఎన్ని అంతస్తులకు అనుమతి వస్తుందో తేలుతుంది. చుట్టూ వదలాల్సిన జాగా పోగా నాలుగు సెంట్లలో కొత్తగా కట్టేది పాతదానికంటే చిన్నదయ్యే సందర్భాలూ ఉన్నాయి. ముందు లైసెన్స్‌డ్ ఇంజనీరుతో ప్లాను గీయించి చూసుకున్నాకే గడ్డపార పట్టండి.

బిల్డరుతో వాటాకు ఇస్తే ఇంకో జాగ్రత్త. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా నమోదు అక్కరలేదు. చిన్న స్థలాల్లో వచ్చేవన్నీ దాదాపు ఇలాంటివే. కాబట్టి మిమ్మల్ని కాపాడేది అగ్రిమెంటు ఒక్కటే. ఏ అంతస్తులో ఏ వైపు ఫ్లాటు ఎవరిదో, ఆలస్యమైతే నెలకు బాడుగ ఎంతివ్వాలో, మీ వాటా పూర్తయ్యేదాకా బిల్డరు తన వాటాలో ఆఖరి ఫ్లాటు అమ్మకూడదని రాసి రిజిస్టర్ చేయించండి. మాకు దగ్గరి బంధువు ఒకాయన ఈ ఆఖరి షరతు రాయించలేదు. బిల్డరు తన ఫ్లాట్లన్నీ అమ్ముకున్నాక పని ఆగిపోయింది. ఏడాదిన్నర తను బాడుగింట్లో ఉంటూ, తలుపుల్లేని తన ఫ్లాటుకు కాపలా కాశాడు.

ఎవరికి ఏది

రిటైరైన డబ్బు మొత్తం ఇందులోనే పెట్టాలనుకునేవాళ్లు ఒక ఫ్లాటు కొని మిగతాది బ్యాంకులో ఉంచుకోండి. జీతం నిలకడగా ఉండి, ఊళ్లోనే ఉంటూ, ఆదివారం పొద్దున మేస్త్రీ పక్కన నిలబడగలిగేవాళ్లు కాలనీలో బిల్డింగు చూసుకోండి. పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల అయితే చదువుకునే పిల్లలతో పోర్షన్లు త్వరగా నిండుతాయి, త్వరగా ఖాళీ అవుతాయి కూడా. సీ క్యాంపు వైపు ఉద్యోగుల కుటుంబాలు ఉంటే ఏండ్ల తరబడి ఉంటాయి. అన్నదమ్ములు కలిసి కొనేటట్లయితే ఎవరు బాడుగ వసూలు చేస్తారు, ఎవరు రిపేరు చూస్తారు, ఒకరు బయటికి పోవాలంటే ధర ఎలా కడతారు అన్నది ముందే కాగితం మీద పెట్టుకోండి. మా బావా నేనూ పెట్టుకున్నాం, అందుకే ఈరోజుకీ పండగలకు కలిసి భోంచేస్తున్నాం.

హైకోర్టు వస్తుందని, ఆఫీసులు వస్తాయని చెప్పి ధర పెంచేవాళ్లుంటారు. కర్నూలును న్యాయ రాజధాని చేసే చట్టం 2020లో వచ్చింది, 2021 నవంబరులో వెనక్కి పోయింది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిపోయాక కొన్ని ఆఫీసులూ వాటి ఉద్యోగులూ అటు వెళ్లారు. ఇప్పుడు హైకోర్టు బెంచి మాట నడుస్తోంది. వస్తే మన ఊరికి మంచిదే, నేనూ కోరుకుంటున్నా. కానీ ఈరోజు ఆ వీధిలో పక్క పోర్షన్‌కు ఎంత బాడుగ నడుస్తోందో దాని మీదే లెక్క వేయండి.

బేరం కుదిరాక అడ్వాన్సు అగ్రిమెంటులో మూడు మాటలు రాయించండి: ఇంజనీరు రిపోర్టులో కంబీ దెబ్బతిన్నట్టు తేలితే అడ్వాన్సు తిరిగివ్వాలని, వారసులందరూ రిజిస్ట్రేషన్ రోజు సంతకానికి రావాలని, ఉన్న బాడుగదారుల అడ్వాన్సులు ధరలోంచి తగ్గించాలని. మూడోది మేం మరిచిపోయాం. నలుగురి అడ్వాన్సులూ కలిపి 70 వేలు ఆ తర్వాత మా చేతి నుంచే ఇచ్చుకున్నాం.